నల్లజాతి తల్లుల కడుపుకోత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పే తల్లులు ఎవరు?

ఎక్కువగా అమెరికాలోని నల్లజాతి తల్లులు. పోలీసుల చేతిలోనో, జాతి ద్వేషం తలకెక్కినవాడి చేతిలోనో, సొంత వీధిలో జరిగిన కాల్పుల్లోనో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు. ఒకచోట లండన్ తల్లి కూడా వస్తుంది. ఈ పేర్లన్నీ వార్తల్లోకి, కోర్టు రికార్డుల్లోకి ఎక్కినవే. పేరు బయటికి రాని తల్లులు ఇంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. ఈ జవాబులు రాస్తున్నంతసేపూ వాళ్లే నా మనసులో ఉన్నారు.

బిడ్డ పోతే ఏ తల్లికైనా అదే కడుపుకోత కదా, వీళ్ల గురించి విడిగా ఎందుకు?

కడుపుకోత ఒకటే. కానీ కూర్చుని ఏడ్చే వీలు అందరికీ ఒకేలా దొరకదు.

మన దగ్గర ఒకరు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలే మాట్లాడతారు. ఈ తల్లులకు ఆ నాలుగు రోజులు కూడా దక్కవు. శవం ఇంకా మార్చురీలో ఉండగానే టీవీల్లో చర్చ మొదలవుతుంది. వాడు ఆ టైంలో అక్కడ ఎందుకున్నాడు? హుడీ ఎందుకు వేసుకున్నాడు? స్కూల్లో ఎప్పుడైనా సస్పెండ్ అయ్యాడా? చంపినవాడి చరిత్ర కంటే ముందు చనిపోయిన పిల్లవాడి చరిత్ర తవ్వుతారు. 2012 ఫిబ్రవరి 26న ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో ట్రేవాన్ మార్టిన్‌ను కాల్చి చంపినప్పుడు జరిగింది ఇదే. ఆ పిల్లాడికి 17 ఏళ్లు. చేతిలో ఉన్నది చాక్లెట్ ప్యాకెట్, జ్యూస్ క్యాన్.

వాండా కూపర్-జోన్స్ కొడుకు అహ్మాడ్ ఆర్బరీ జార్జియాలో 2020 ఫిబ్రవరి 23న పరుగుకు వెళ్లాడు. ముగ్గురు తెల్లవాళ్లు ట్రక్కుల్లో వెంటాడారు, వాళ్లలో ఒకడు కాల్చి చంపాడు. మీ అబ్బాయి దొంగతనం చేస్తుండగా చనిపోయాడని ఆమెకు మొదట చెప్పారు. ఒక్కసారి ఆలోచించండి. పాతికేళ్ల కొడుకు లేడన్న మాట, వాడు దొంగ అన్న మాట ఒకే ఫోన్‌లో వినడం. అరెస్టులు జరగడానికి 74 రోజులు పట్టింది, అదీ ఆ కాల్పుల వీడియో బయటపడ్డాకే. అన్ని రోజులూ ఆ తల్లి చేసింది ఒకటే పని: నా కొడుకు దొంగ కాదని చెప్పుకోవడం.

వీళ్ల దుఃఖం వేరుగా కనిపించేది ఇక్కడే. బిడ్డ కోసం ఏడవడానికి ముందు, వాడు ఏడవదగ్గ బిడ్డేనని లోకాన్ని ఒప్పించాలి.

ఇది ఈమధ్య మొదలైందా?

కాదు. బానిసత్వ కాలంలో పిల్లల్ని తల్లి ఒళ్లోంచి లాగి అమ్మేవారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి మూకలు ఉరితీసి చంపిన రోజులు. కానీ ఈనాటి తల్లులు తమ పెద్దదిక్కుగా తలుచుకునేది మేమీ టిల్-మోబ్లీని. ఆమె గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మేమీ షికాగోలో ఉద్యోగం చేసుకునే ఒంటరి తల్లి. ఒక్కగానొక్క కొడుకు ఎమ్మెట్, 14 ఏళ్లు. 1955 ఆగస్టులో మిసిసిపీలోని మనీ అనే ఊరికి, చుట్టాలింటికి సెలవులకు వెళ్లాడు. అక్కడ కిరాణా కొట్టులో ఉన్న తెల్ల మహిళతో తప్పుగా ప్రవర్తించాడని ఆరోపించి, ఆమె భర్త, అతని అన్న ఆగస్టు 28 రాత్రి పిల్లాణ్ని మంచం మీద నుంచి లేపి తీసుకెళ్లారు. మూడు రోజుల తర్వాత శవం టాలహాచీ నదిలో దొరికింది. మెడకు పత్తి మిల్లు ఫ్యాను, ముళ్ల తీగతో కట్టి ఉంది.

మిసిసిపీ అధికారులు ఆ రోజే అక్కడే పూడ్చిపెట్టబోయారు. మేమీ అడ్డుపడి శవాన్ని షికాగో తెప్పించుకుంది. పెట్టెకు సీలు వేసి, తెరవకూడదన్న షరతుతో పంపారు. ఎవరూ తెరవకపోతే సుత్తి తెచ్చి తనే తెరుస్తానని ఆమె పట్టుబట్టింది. తెరిచాక పాదాల నుంచి చూడటం మొదలుపెట్టింది. చీలమండలు, మోకాళ్లు. తను కని పెంచిన ఒళ్లు, తనకు తెలిసిన ఒళ్లు. అలా ఒక్కో భాగం చూసుకుంటూ మొహం దాకా వచ్చింది. అక్కడ మొహమే మిగల్లేదు. మిగిలిన పళ్లను చూసింది, చెవిని చూసింది. వేలికి ఉన్న తండ్రి ఉంగరాన్ని అక్కడి చుట్టాలు ముందే గుర్తుపట్టారు. వీడు నా కొడుకే అని చెప్పింది.

శవానికి మొహం బాగుచేయమంటారా అని అంత్యక్రియలవాళ్లు అడిగితే వద్దంది. పైన అద్దం పెట్టించి, పెట్టె తెరిచే ఉంచింది. షికాగో సౌత్ సైడ్‌లోని రాబర్ట్స్ టెంపుల్ చర్చి ముందు పదుల వేల మంది బారులు తీరారు. నల్లజాతి పత్రిక జెట్ ఆ ఫొటో అచ్చువేసింది. ఒక తల్లి తన బిడ్డ చివరి చూపును దేశం మొత్తానికి ఇచ్చేసింది. అంత బాధలో అంత ఆలోచన ఎలా చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సెప్టెంబరులో సమ్నర్ అనే చిన్న ఊళ్లో విచారణ జరిగింది. ఆ శవం ఎమ్మెట్‌ది కాదని నిందితుల తరఫున వాదించారు. తల్లి బోనెక్కి తన కొడుకును తానే గుర్తుపట్టానని చెప్పింది. జ్యూరీలో అందరూ తెల్ల మగవాళ్లే. 67 నిమిషాల్లో నిర్దోషులని తేల్చారు. మధ్యలో కూల్‌డ్రింక్ కోసం ఆగకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని ఒక జ్యూరీ సభ్యుడు అన్నాడు. కొన్ని నెలలకే ఆ అన్నదమ్ములు డబ్బు తీసుకుని, ఒక పత్రికకు తామే చంపామని చెప్పారు. ఒకసారి నిర్దోషులని తేలినవాళ్లను మళ్లీ విచారించడానికి చట్టం ఒప్పుకోలేదు.

చావు కబురు అందిన మొదటి వారంలో ఏం జరుగుతుంది?

పనులు. అన్నీ పనులే. శవాన్ని గుర్తించాలి. పోస్ట్‌మార్టం అయ్యేదాకా ఆగాలి. పోలీసుల ప్రశ్నలకు జవాబులివ్వాలి. ఫ్యూనరల్ హోమ్‌తో ఖర్చు మాట్లాడుకోవాలి. అమెరికాలో ఖననం ఖర్చు వేల డాలర్లు, చాలా ఇళ్లల్లో చేతిలో అంత ఉండదు. నేరానికి బలైనవారి కుటుంబాలకు ప్రతి రాష్ట్రంలోనూ పరిహార నిధి ఉంది. కానీ చనిపోయినవాడి తప్పు కూడా కొంత ఉందని పోలీసు రిపోర్టులో ఒక్క వాక్యం ఉంటే చాలు, చాలాచోట్ల దరఖాస్తు వెనక్కి రావచ్చు. నల్లజాతి కుటుంబాలకే ఇలా ఎక్కువగా జరుగుతోందని 2023లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ చాలా రాష్ట్రాల లెక్కలు తీసి చూపించింది.

ఈ కష్టం స్వయంగా పడ్డ తల్లే దీనికి ఒక దారి వేసింది. బోస్టన్‌లోని డార్చెస్టర్‌లో 1993 డిసెంబరు 20న లూయిస్ బ్రౌన్ అనే 15 ఏళ్ల కుర్రవాడు, యువకులు హింస వద్దని పెట్టుకున్న సంఘం క్రిస్మస్ పార్టీకి వెళ్తూ, ఎవరో ఎవరి మీదో జరిపిన కాల్పుల మధ్య చిక్కి చనిపోయాడు. అతని తల్లి క్లెమెంటీనా షెరీ మరుసటి ఏడాదే కొడుకు పేరు మీద పీస్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టింది. హత్య జరిగిన ఇంటికి వీళ్లు వెళ్తారు, అంత్యక్రియల ఏర్పాట్లలో పక్కన ఉంటారు, కాగితాలు నింపడంలో సాయపడతారు. హత్య చేసి జైలుకెళ్లినవాళ్ల కుటుంబాలకు కూడా ఇక్కడ తలుపు తెరిచే ఉంటుంది. ఆ ఇళ్లల్లోనూ తల్లి ఉంటుంది కదా. ఏటా మదర్స్ డే రోజున బోస్టన్‌లో వీళ్లు శాంతి నడక చేస్తారు.

చర్చి ఎంత ఆసరా ఇస్తుంది?

చాలామందికి మొదటి ఆసరా అదే. పాస్టర్ ఇంటికి వస్తాడు. తెల్ల బట్టలు కట్టుకున్న పెద్దావిడలు, వాళ్లను చర్చి మదర్స్ అంటారు, తల్లికి చెరోపక్క కూర్చుంటారు. అక్కడ గొంతెత్తి ఏడిస్తే ఎవరూ వింతగా చూడరు. మన పల్లెల్లో శోకాలు పెట్టి ఏడ్చే ఆడవాళ్లను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

అయితే ప్రతిసారీ అంత సాఫీగా ఉండదు. 2015 జూన్ 17న చార్ల్‌స్టన్‌లోని ఇమ్మానుయేల్ చర్చిలో బైబిల్ క్లాసు జరుగుతుండగా, అప్పటిదాకా వాళ్లతోనే కూర్చున్న తెల్ల కుర్రవాడు తొమ్మిది మందిని కాల్చి చంపాడు. ఫెలీషియా శాండర్స్ 26 ఏళ్ల కొడుకు టైవాన్జా ఆమె కళ్లముందే పోయాడు. మనవరాలిని తన కింద దాచుకుని, చనిపోయినట్టు పడుకుని ఆమె బతికింది. నెత్తురులో తడిసిన ఆమె బైబిల్‌ను తర్వాత శుభ్రం చేసి ఇస్తే, అదే చేత్తో పట్టుకుని తిరిగింది. కానీ కష్టంలో ఆ చర్చి పెద్దలు తనను పట్టించుకోలేదన్న బాధతో వేరే చర్చికి మారింది. విశ్వాసం పోలేదు, కుర్చీ మారింది.

హంతకుణ్ని క్షమించారని వార్తల్లో చూశాం. అదెలా సాధ్యం?

చార్ల్‌స్టన్ కోర్టులో రెండు రోజులకే కొందరు క్షమించామన్నారు. మరికొందరు అనలేదు. క్షమించినవాళ్లకు అది దేవుడితో వాళ్లు చేసుకున్న ఒప్పందం, తమ గుండెలో విషం పెరగకుండా చూసుకోవడం. కానీ మీడియా దాన్ని నల్లవాళ్లందరి బాధ్యతలా మార్చేసింది. బిడ్డ పోయిన రెండో రోజున తల్లి మొహం ముందు మైకు పెట్టి క్షమించారా అని అడగడం దుర్మార్గమని నా అభిప్రాయం. ఆ ప్రశ్న తెల్ల తల్లులను ఎంత అరుదుగా అడుగుతారో గమనించండి.

కోర్టులో శిక్ష పడితే బాధ తగ్గుతుందా?

కొంత ఊపిరి ఆడుతుందని చెబుతారు, అంతే. అహ్మాడ్ హంతకులు ముగ్గురూ దోషులని 2021 నవంబరు 24న తేలింది. ఫ్లోరిడాలో 17 ఏళ్ల జోర్డాన్ డేవిస్‌ను కారులో పాటలు గట్టిగా పెట్టారన్న గొడవలో చంపినవాడికి రెండో విచారణలో గానీ హత్యా నేరం రుజువై యావజ్జీవం పడలేదు. రెండుసార్లు అదంతా విని కూర్చోవాలి తల్లి. చాలా కేసుల్లో అసలు విచారణే ఉండదు. పోలీసుల చేతిలో చనిపోయిన ఎరిక్ గార్నర్, మైకేల్ బ్రౌన్, తమీర్ రైస్ కేసుల్లో, విచారణ జరగాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ దగ్గరే అంతా ఆగిపోయింది.

లండన్‌లో డోరీన్ లారెన్స్ కథ వేరు. కొడుకు స్టీఫెన్‌ను 1993 ఏప్రిల్ 22న బస్‌స్టాప్ దగ్గర తెల్ల కుర్రాళ్ల గుంపు పొడిచి చంపింది. ఆ తల్లిదండ్రుల పోరాటం వల్ల వచ్చిన 1999 నాటి మాక్‌ఫర్సన్ నివేదిక, లండన్ పోలీసు వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందని రాసింది. నిర్దోషిగా బయటపడ్డవాణ్ని కొత్త సాక్ష్యం దొరికితే మళ్లీ విచారించేలా చట్టం మారింది. చివరికి 2012 జనవరిలో ఇద్దరికి శిక్ష పడింది. దాదాపు 19 ఏళ్లు. కొడుకును మాత్రం ఇంగ్లాండ్‌లో పూడ్చలేదు. సమాధిని కూడా పాడుచేస్తారేమోనన్న భయంతో జమైకా తీసుకెళ్లారు.

పరిహారం కోట్లలో వస్తుంది కదా?

ఈ ప్రశ్న మనవాళ్లు చాలామంది అడుగుతారు, అందుకే సూటిగా చెప్తాను. కొందరికి వచ్చింది. తమీర్ రైస్ కుటుంబానికి క్లీవ్‌లాండ్ నగరం 60 లక్షల డాలర్లకు ఒప్పుకుంది. తమీర్‌కు 12 ఏళ్లు. 2014 నవంబరు 22న పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటుంటే, పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలో కాల్చేశారు. పరిగెత్తుకొచ్చిన 14 ఏళ్ల అక్కను కింద పడేసి బేడీలు వేసి కారులో కూర్చోబెట్టారు. తల్లి సమారియా వచ్చేసరికి ఒక బిడ్డ నేల మీద, ఇంకో బిడ్డ పోలీసు కారులో. ఎవరి దగ్గరకు వెళ్లాలి ఆమె?

పరిహారం ఖరారు కాకముందు, 2016 ఫిబ్రవరిలో, ఆ పిల్లాణ్ని తీసుకెళ్లిన అంబులెన్స్ తాలూకు 500 డాలర్లు కట్టాలని అదే నగరం క్లెయిమ్ వేసింది. గొడవైతే క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకుంది. డబ్బు వచ్చిందన్న మాట ఎవరైనా అంటే నాకు ఈ 500 డాలర్లే గుర్తొస్తాయి.

కాల్పులు జరిగిన చోట చిన్న గజీబో, అంటే నీడకు కూర్చునే మండపం, ఒకటి ఉండేది. దాన్ని కూల్చేయబోతే సమారియా ఒప్పుకోలేదు. విడదీసి షికాగో తరలించి అక్కడ మళ్లీ నిలబెట్టారు.

తల్లులందరూ ఉద్యమంలోకి వస్తారా?

రారు, రావాల్సిన అవసరమూ లేదు. కానీ వచ్చినవాళ్లు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ట్రేవాన్ తల్లి సైబ్రీనా ఫుల్టన్ మొదలుపెట్టిన సర్కిల్ ఆఫ్ మదర్స్‌లో, కాల్పుల్లో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఏడాదికోసారి ఒకచోట చేరతారు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేదు. 2016లో తొమ్మిది మంది తల్లులు డెమోక్రటిక్ పార్టీ మహాసభ వేదిక ఎక్కారు. జోర్డాన్ తల్లి లూసీ మెక్‌బాత్ విమానంలో ఫ్లైట్ అటెండెంట్‌గా పనిచేసేది. 2018లో జార్జియా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైంది.

షికాగోలో 15 ఏళ్ల హదీయా పెండిల్టన్‌ను 2013 జనవరిలో వేరే ఎవరో అనుకుని కాల్చేశారు. స్నేహితులు ఆమె కోసం నారింజ రంగు బట్టలు వేసుకున్నారు. అడవిలో వేటగాళ్లు తమను కాల్చొద్దని వేసుకునే రంగు అది. ఇప్పుడు ఏటా జూన్‌లో, ఆమె పుట్టినరోజు సమయంలో, దేశమంతా ఆ రంగు వేసుకుంటారు.

ఉద్యమం వల్ల దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. తమ బిడ్డల పేరు చెప్పి ఎవరెవరో పేరూ విరాళాలూ సంపాదిస్తున్నారని సమారియా 2021లో బాహాటంగా నిలదీసింది. 1955లో మేమీ విషయంలోనూ అంతే, సభల్లో మాట్లాడినందుకు పారితోషికం అడిగిందని ఒక పెద్ద సంస్థ ఆమె పర్యటన రద్దు చేసింది. తల్లి కన్నీళ్లు కావాలి, ఆమె ఇంటి అద్దె మాత్రం ఎవరికీ పట్టదు.

ఈ దుఃఖం ఒంటి మీద ఎలా పనిచేస్తుంది?

నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది, గుండె దెబ్బతింటుంది. వెనీడా బ్రౌడర్ గురించి చెప్తాను. కొడుకు కలీఫ్‌ను 16 ఏళ్లప్పుడు బ్యాగు దొంగతనం ఆరోపణ మీద న్యూయార్క్ రైకర్స్ జైల్లో పెట్టారు. విచారణే లేకుండా మూడేళ్లు, అందులో చాలాకాలం ఒంటరి గదిలో. కేసు కొట్టేశాక ఇంటికొచ్చాడు గానీ మనిషి తేరుకోలేదు. 2015 జూన్‌లో ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు. మొదట చూసింది తల్లే. ఏడాదిన్నర తిరక్కముందే ఆమె గుండె జబ్బుతో పోయింది. ఎరిక్ గార్నర్ కూతురు ఎరికా, తండ్రి కోసం మూడేళ్లు వీధుల్లో పోరాడి, 27 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూసింది. ఆ కొడుకు దుఃఖాన్నీ ఆ మనవరాలి దుఃఖాన్నీ కూడా మోసింది ఎరిక్ తల్లి గ్వెన్ కార్.

నిరంతర వివక్ష, టెన్షన్ వల్ల నల్లజాతి ఆడవాళ్ల శరీరాలు తొందరగా అరిగిపోతాయని ప్రొఫెసర్ ఆర్లీన్ జెరోనిమస్ 1990ల నుంచి చెబుతూ వచ్చారు. ఆయుధం లేని నల్లవారిని పోలీసులు చంపినప్పుడు, ఆ రాష్ట్రంలోని మిగతా నల్లవారి మానసిక ఆరోగ్యం కూడా దెబ్బతింటుందని 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది. ఇక తల్లికైతే కొడుకు ఆఖరి నిమిషాల వీడియో ఫోన్ తెరిస్తే చాలు ఎదురవుతుంది. "ఊపిరాడట్లేదు" అని ఎరిక్ 11 సార్లు అనడం గ్వెన్ ఎన్నిసార్లు వినాల్సి వచ్చిందో.

కౌన్సెలింగ్‌కు వెళ్లరా?

వెళ్తున్నవాళ్లు పెరుగుతున్నారు. కానీ బీమా, ఖర్చు, తమ బతుకు తెలిసిన నల్లజాతి థెరపిస్టు దొరకకపోవడం, అన్నీ అడ్డంకులే. ఏడాది దాటినా తగ్గని తీవ్ర దుఃఖాన్ని 2022లో అమెరికన్ మానసిక వైద్యులు ఒక రుగ్మతగా తమ పుస్తకంలో చేర్చారు. చికిత్సకు అది దారి చూపొచ్చు. కానీ ఏడాది తర్వాత కూడా కోర్టు వాయిదాలకు తిరుగుతున్న తల్లికి ఆ గడువు ఎక్కడ మొదలైనట్టు?

"మీరు చాలా ధైర్యవంతులు" అనడం తప్పా?

మంచి మనసుతోనే అంటాం. కానీ వాళ్లకు అది బరువు. ధైర్యవంతురాలన్నాక ఇక కూలబడే హక్కు పోతుంది. అన్నం తిన్నారా, పిల్లల్ని నేను స్కూల్ నుంచి తీసుకురానా అని అడగండి. మిగిలిన పిల్లల సంగతి ఎవరూ అడగరు. వాళ్లను బయటికి పంపిన ప్రతిసారీ ఆ తల్లి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుంటుంది. పోయిన బిడ్డను పేరు పెట్టి తలవండి. గుర్తుచేస్తే బాధపడుతుందేమో అనుకుంటాం గానీ, ఆమె మర్చిపోయింది ఎప్పుడు?

తెలుగువాళ్లకు దీంతో ఏం సంబంధం?

2017లో కాన్సస్‌లో మన శ్రీనివాస్ కూచిభొట్లను నా దేశం నుంచి పొమ్మంటూ కాల్చి చంపారు. 2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న కర్నూలు జిల్లా అమ్మాయి జాహ్నవి కందుల పోలీసు కారు గుద్ది చనిపోయింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఒక పోలీసు అధికారి నవ్వుతూ మాట్లాడటం అతని కెమెరాలోనే రికార్డయింది. ఇటు మన ఇంట్లోనే చూస్తే, 2016లో రోహిత్ వేముల పోయాక తల్లి రాధిక కొడుకు కోసం ఏడవడంతో పాటు కొడుకు కులం ఏమిటో ఏళ్ల తరబడి రుజువు చేసుకోవాల్సి వచ్చింది. కులం, జాతి ఒకటే అని నేను అనను. కానీ బిడ్డ పోయిన తల్లిని కాగితాలు చూపించమని అడగడం ఎలా ఉంటుందో మనకు తెలుసు.

ఎన్నేళ్లకు తేరుకుంటారు?

మేమీ కొడుకు పోయాక 47 ఏళ్లు బతికింది. చదువు పూర్తిచేసి షికాగో స్కూళ్లలో టీచరైంది. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాలను కంఠస్థం చేయించి, పిల్లలతో వేదికల మీద చెప్పించేది. ఎమ్మెట్ టిల్ ప్లేయర్స్ అని ఆ బృందానికి కొడుకు పేరే పెట్టింది. 2003 జనవరి 6న పోయింది. మూక హత్యలను దేశవ్యాప్తంగా ప్రత్యేక నేరంగా చేసిన చట్టం ఎమ్మెట్ పేరుతో 2022 మార్చి 29న వచ్చింది, ఆమె చూడలేదు.

శవం దొరికిన నది ఒడ్డున పెట్టిన బోర్డును ఒకసారి ఎత్తుకుపోయారు. కొత్తది పెడితే తుపాకులతో కాల్చారు. మళ్లీ పెట్టారు, మళ్లీ కాల్చారు. 2019లో తూటా దిగని ఉక్కుతో, రెండు వందల కిలోలకు పైగా బరువున్న బోర్డు చేయించి నిలబెట్టారు.